నీతికి ఖర్చు ఎవరిది?

(ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న విద్యార్థుల ముందు ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరు అలాగే ఉంచి, తిరగమరగ వచ్చిన వాక్యాలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ రెండు బెంచీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇంకో ఏడాదికో రెండేళ్లకో మీలో చాలామంది బడుల్లో ఉంటారు. లెక్కలు ఎలా చెప్పాలో, సైన్సు ఎలా చెప్పాలో, పాఠ్య పథకం ఎలా రాయాలో మీకు ఇక్కడ నేర్పుతున్నారు. అయితే బడిలో టీచరు రోజూ చేసే పని ఇంకొకటుంది. దానికి పేపరు లేదు, మార్కుల్లేవు. పొద్దున ప్రార్థన దగ్గర మైకు పట్టుకున్నప్పటి నుంచి, సాయంత్రం గేటు దగ్గర ఇద్దరు పిల్లలు చొక్కాలు పట్టుకుంటే విడదీసేదాకా మీరు చేసేది అదే. నీతులు చెప్పడం.

(నవ్వులు)

చూశారా, నవ్వు వచ్చింది. మంచి చెప్పడం మంచి పనే. కాదనేవాళ్లు ఎవరూ లేరు. మరి "నీతులు చెబుతున్నాడు" అనగానే అది తిట్టులా ఎందుకు వినిపిస్తుంది? దీని గురించే మాట్లాడదామని వచ్చాను.

మన ఇళ్లలో మాటలు ఒకసారి గుర్తు చేసుకోండి. "మొదలుపెట్టావా నీతులు?" "పొద్దున్నే సుద్దులు చెప్పకు." "నాన్న అరగంట క్లాసు పీకాడు." "మామయ్య వచ్చి గీతోపదేశం చేసి పోయాడు." "లెక్చరివ్వకు." "మంత్రిగారు గంటసేపు ఉపన్యాసం దంచారు." ధర్మపన్నాలు వల్లించడం ఉంది, పురాణం విప్పడం ఉంది. మీ ఊళ్లలో ఇంకా ఘాటైనవి ఉండే ఉంటాయి. ఇందులో ఏ మాటకా మాట విడిగా తీసుకోండి. నీతి, గీత, పురాణం, ఉపన్యాసం అన్నీ గౌరవంగా పలికే మాటలే. సుద్దులంటారా, గొల్లసుద్దులని రాత్రంతా కూర్చుని చూసే కళ ఒకటుంది. ఎత్తిపొడుపంతా ఆ పక్కనున్న క్రియలో పెట్టాం. పీకడం, దంచడం, విప్పడం. చెప్పిన సంగతి మీద మనకు పేచీ లేదు, చెప్పినవాడి మీద ఉంది.

అదే ఊళ్లో ఇంకోవైపు చూడండి. కార్తీకమాసంలో గుడి దగ్గర ప్రవచనం పెడితే జనం చాపలు తెచ్చుకుని కూర్చుంటారు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు వాక్యం చెబుతారు. ఉజ్జీవ కూటాలు పెడితే మూడు రాత్రులు చలిలో కూడా పందిరి నిండుతుంది. శుక్రవారం మసీదులో ఖుత్బా ఉంటుంది, విడిగా బయాన్లు ఉంటాయి. ఇళ్లకు వెళ్తూ ఎవరూ "ఈరోజు పాస్టరుగారు క్లాసు పీకారు" అనరు. "వాక్యం బాగా అందించారు" అంటారు. వాళ్లు చెప్పిందేమిటి? అబద్ధమాడొద్దు, తాగొద్దు, తల్లిదండ్రుల్ని చూసుకో. నాన్న అరగంట చెప్పింది కూడా అదే.

తేడా ఏమిటని అడిగితే చాలామంది ఒక జవాబు చెబుతారు. అక్కడికి మనంతట మనం వెళ్తాం, ఇంట్లో అయితే కంచం ముందు కూర్చున్నప్పుడు దొరకబుచ్చుకుంటారు అని. నిజమే. కానీ ఈ జవాబు మీకు అక్కరకు రాదు. మీ పిల్లలెవరూ వాళ్లంతట వాళ్లు రారు, హాజరు పట్టీ వాళ్లను తెస్తుంది. ఇష్టం లేకుండా వచ్చి కూర్చున్నవాడికి నీతి చెప్పాలి మీరు. అందుకని ఇంకో జవాబు వెతకాలి. దానికి కాలంలో చాలా వెనక్కి వెళ్దాం. చోటు మాత్రం దగ్గరిదే.

కర్నూలు జిల్లాలో, గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి అని ఒక ఊరుంది. అక్కడి గుట్ట బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నాటివి. 14 పెద్ద శాసనాలూ, రెండు చిన్న శాసనాలూ ఒకేచోట ఉన్నాయి. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి పోతే, కొన్ని కుడి నుంచి ఎడమకు వస్తాయి, చేలో అరక చివరిదాకా పోయి తిరిగొచ్చినట్టు. ఎందుకలా చెక్కాడో ఆ చెక్కినవాడికే తెలియాలి. ఎప్పుడైనా పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్తే అక్కడికి తీసుకెళ్లండి.

అందులో ఒక ఉత్తర్వు ఉంది. రజ్జుకుడనే అధికారికి చెప్పండి, అతను భేరి కొట్టించి జనపదంలోని జనానికి చెప్పాలి అని. ఏం చెప్పాలి? తల్లిదండ్రుల మాట వినాలి. పెద్దల మాట వినాలి. ప్రాణుల మీద దయ చూపాలి. నిజం చెప్పాలి. అంతే. ఇంకా ఎవరెవరు చెప్పాలో కూడా ఉంది. ఏనుగుల మీద పోయేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు, గుర్రాలకూ బళ్లకూ తర్ఫీదు ఇచ్చేవాళ్లు, బ్రాహ్మణులు, వీళ్లంతా తమ దగ్గర చదువుకునే అంతేవాసులకు ఈ మాటలు నేర్పాలట. లెక్కలు రాసేవాళ్లకు అక్కడున్న మాట 'కారణక'. మన కరణానికి చుట్టమే. అంటే మీరు చేయబోయే పనికి మన నేల మీద దొరికే పాత ఆర్డరు కాగితాల్లో ఇదొకటి. రాతి కాగితం అనుకోండి.

చెప్పిన విషయంలో కొత్తేమీ లేదు, మీ నాన్న చెప్పే అరగంటలో ఇవన్నీ ఉంటాయి. నన్ను ఆపేసింది దీనికి పైనున్న భాగం. అక్కడ రాజు తన సంగతి చెప్పుకుంటాడు. నేను బౌద్ధ ఉపాసకుణ్ణయి రెండున్నరేళ్లు దాటింది, ఒక ఏడాది పాటు పెద్దగా ప్రయత్నం చేయలేదు, భిక్షువుల సంఘానికి దగ్గరయ్యాక ఈ ఏడాదికి పైగా గట్టిగా ప్రయత్నిస్తున్నాను అని దాని సారాంశం. చక్రవర్తి అతను. అడిగేవాడు లేడు. ఏడాదంతా నేను చేసిందేమీ లేదని బండ మీద చెక్కించాల్సిన అవసరం ఏమొచ్చింది?

పెద్ద శాసనాల్లో మొదటిది ఇంకా బాగుంటుంది. ప్రాణుల్ని చంపవద్దని చెప్పే శాసనం అది. చెబుతూ చెబుతూ నేరుగా తన వంటింట్లోకి తీసుకెళ్తాడు. ఇదివరకు నా వంటశాలలో కూర కోసం రోజూ లక్షల ప్రాణులు చచ్చేవి అంటాడు. రాజుల లెక్కలు కదా, కొంచెం తగ్గించుకుని వినండి. ఈ శాసనం రాయించే వేళకు మూడే చంపుతున్నారు, రెండు నెమళ్లు, ఒక జింక. ఆ జింక కూడా రోజూ కాదు. ముందు ముందు ఆ మూడూ చంపరు.

ఆలోచించండి. ఇంకొక్క ఆరు నెలలు ఆగి, ఆ మూడూ మానేశాకే శాసనం వేయించి ఉండొచ్చు. అప్పుడు ఎంత శుభ్రంగా ఉండేది! లేదా ఆ నెమళ్ల సంగతి ఎత్తకుండా ఊరుకోవచ్చు. పాటలీపుత్రంలో వంటింట్లో ఏం ఉడుకుతుందో ఎర్రగుడిలో ఎవరికి తెలుసు? అయినా చెప్పాడు. మీరు మానండి అని చెప్పేముందు, నేను ఇంతవరకు మానాను, ఇంకా ఇంత మిగిలింది అని లెక్క చూపించాడు. నీతిబోధల్లో ఇలాంటి వాక్యం నాకు మళ్లీ ఎక్కువగా కనబడలేదు.

అలాగని ఆయన్ను దేవుణ్ణి చేయకండి. కళింగ యుద్ధం గురించిన 13వ శాసనం మీకు తెలుసు. లక్షమంది చచ్చారు, లక్షన్నర మందిని చెరపట్టి తీసుకుపోయారు, దానికి బాధపడుతున్నాను అని రాయించాడు. ఆ శాసనం ఎర్రగుడిలో ఉంది. మరి కళింగంలోనే ఉన్న ధౌలిలో, జౌగడలో ఉందా? లేదు. అక్కడ దాన్ని వదిలేసి వేరే శాసనాలు వేయించారు. ఎవరి ఇళ్లు కాలాయో వాళ్ల ముందు మాత్రం ఆ మాట అనలేకపోయాడు. పైగా అదే 13వ శాసనంలో అడవి జనానికి ఒక హెచ్చరిక ఉంది, పశ్చాత్తాపపడ్డాను కదా అని బలం లేదనుకోకండి అని. దయ గురించి చెబుతూ చెబుతూనే కర్ర చూపించాడన్నమాట. మనం కూడా అంతే, ప్రేమగా ఉండాలి నాన్నా అంటూ చేతిలో బెత్తం ఊపుతాం.

ఇంకోచోట, 9వ శాసనంలో, ఆడవాళ్లు జబ్బులకూ పెళ్లిళ్లకూ పురుళ్లకూ చేసే తంతులు పెద్దగా ఫలితం లేనివని ఎత్తిపొడుస్తాడు. నీతి చెప్పేవాడికి ముందుగా కనబడేది ఆడవాళ్లే. రెండువేల రెండువందల ఏళ్లు దాటినా ఆ అలవాటు పోలేదు. ఇప్పటి వాట్సాప్ సూక్తులు చూడండి, సగం కోడళ్ల మీదే ఉంటాయి.

కానీ మనకు పనికొచ్చే మాట ఒకటి ఢిల్లీలో ఉంది. ఫిరోజ్‌షా కోట్లాలో ఉన్న స్తంభం అది. ఫిరోజ్‌షా తుగ్లక్ తోప్రా అనే ఊరి నుంచి తెప్పించాడు. దాని మీది ఏడో శాసనంలో అశోకుడు తన అనుభవం రాయించాడు. ధర్మం పెరగడానికి రెండు దారులు, ఒకటి నియమం పెట్టడం, రెండోది మనసుకు ఎక్కేలా చెప్పి ఒప్పించడం. రెండింటిలో నియమం వల్ల జరిగింది కొంచెం, ఒప్పించడం వల్ల జరిగింది ఎక్కువ. ఈ మాట అన్నది శిక్షించే అధికారం పూర్తిగా చేతిలో ఉన్న మనిషి. ధౌలిలో అధికారులకు పెట్టిన శాసనంలో ఇంకో చిన్న సంగతుంది. ఈ శాసనాన్ని పర్వదినాల్లో చదివి వినిపించాలి, మధ్యమధ్యలో ఒక్కడే ఉన్నా సరే వినిపించాలి అని. ఒక్కడే ఉన్నా! మనం యాభైమంది రాకపోతే మీటింగ్ వాయిదా వేస్తాం.

ఇంతకీ నా లెక్క ఏమిటంటే, వినేవాడు ఎప్పుడూ లోపల ఒక ప్రశ్న అడుగుతుంటాడు. ఈ నీతికి ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు? చెప్పేవాడా, నేనా? చెప్పేవాడి జేబులోంచి పైసా పోకుండా మొత్తం నా నెత్తిన పడుతుంటే, అది క్లాసు పీకడం. రెండు నెమళ్లూ ఒక జింకా నాకు నచ్చేది అందుకే. అక్కడ తగ్గింది రాజుగారి కంచంలో కూర.

వెనక నుంచి ఎవరో ఏదో అంటున్నారు. గట్టిగా చెప్పు బాబూ. ... తన తప్పు తాను చెప్పుకుంటే జనం నమ్ముతారా అంటున్నాడు. మంచి ప్రశ్న. దీనికి జవాబు చిన్నయసూరి దగ్గర ఉంది. 1853లో వచ్చిన నీతిచంద్రిక మీలో తెలుగు మెథడాలజీ వాళ్లు చదివే ఉంటారు. మిత్రలాభంలో ముసలిపులి కథ. పులి స్నానం చేసి, దర్భలు పట్టుకుని, చెరువుగట్టున కూర్చుని, బంగారు కడియం దానమిస్తాను రమ్మని బాటసారిని పిలుస్తుంది. నువ్వు మనుషుల్ని తినేదానివి కదా, ఎలా నమ్మాలి అంటాడు వాడు. అప్పుడు పులి ఏం చేస్తుంది? వయసులో ఉన్నప్పుడు చాలా పాపాలు చేశానని ఒప్పుకుంటుంది! భార్యాబిడ్డలు పోయారంటుంది, ఒక పెద్దమనిషి చెబితే దానధర్మాలు చేస్తున్నానంటుంది, శాస్త్రాలు వల్లిస్తుంది. వాడు కరిగిపోయి చెరువులో దిగుతాడు. బురదలో కూరుకుపోతాడు. ఆ తర్వాత కథ మీకు తెలుసు.

కాబట్టి ఒప్పుకోలు ఒక్కటే సరిపోదు. ఈమధ్య స్టేజీల మీద "నేను కూడా ఒకప్పుడు ఫెయిలయ్యాను" అని మొదలుపెట్టి, చివర్లో కోర్సు ఫీజు చెప్పేవాళ్లు చాలామంది తయారయ్యారు. వాళ్ల గతం నిజమో కాదో నాకనవసరం. చూడాల్సింది ఒక్కటే, బురదలో దిగమంటున్నది ఎవరిని? పులి గట్టు మీదే ఉంది.

సరే, మన వాళ్లలో ఈ పని బాగా చేసినవాళ్ల దగ్గరికి వద్దాం. వేమన చాలా కటువుగా తిట్టాడు. గుళ్లో విగ్రహాలకు మొక్కేవాళ్లను, కులం గొప్ప చెప్పుకునేవాళ్లను, లోభుల్ని, దొంగ గురువుల్ని, ఎవరినీ వదల్లేదు. 1829లో బ్రౌన్ ఆ పద్యాలను అచ్చువేయించే నాటికే జనం నోళ్లలో ఉన్నాయి. అంత తిట్టినా వేమన క్లాసు పీకాడని ఎవరూ అనరు. నాకు తోచిన కారణం ఆ మకుటం. సుమతీ శతకం చివర 'సుమతీ' అని వినేవాణ్ణి పిలుస్తుంది, మంచి బుద్ధి గలవాడా అని. మర్యాదగానే పిలిచింది, కానీ వేలు అవతలివాడి వైపే ఉంది. వేమన 'వినుర వేమ' అంటాడు. వినమన్నది తనను. తిట్టంతా తిట్టి, చివర్లో ఒరేయ్ వేమా నువ్వు విను అంటే, పక్కన నిలబడి విన్నవాడికి కోపం తెచ్చుకోవడానికి సందు దొరకదు. ఆ మకుటం మీద వేరే కథలున్నాయి, విశ్వద ఎవరు, అభిరాముడు ఎవరు అని. ఆ వాదంలోకి నేను పోను. జనం మాత్రం తనకు తాను చెప్పుకున్నట్టే విన్నారు.

బుర్రకథ సంగతి చెప్పాలి, ఇది టీచర్లకు బాగా పనికొచ్చేది. మధ్యలో తంబుర పట్టుకుని కథకుడు, అటూ ఇటూ గుమ్మెట్లు వాయిస్తూ ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు రాజకీయం చెబుతారు. 1940ల్లో కమ్యూనిస్టుల కళాకారుల సంఘం ప్రజానాట్యమండలి దీన్ని ఊరూరా తిప్పింది. షేక్ నాజర్ పేరు మీరు వినే ఉంటారు, 1986లో పద్మశ్రీ ఇచ్చారు. బెంగాల్ కరువు దగ్గర్నుంచి పల్నాటి యుద్ధం దాకా చెప్పాడాయన. తర్వాత తర్వాత ప్రభుత్వం కుటుంబ నియంత్రణ కోసం కూడా బుర్రకథనే పట్టుకుంది. అంటే ఇది పచ్చి ప్రచారం. కాంగ్రెసు వాళ్లయినా, కమ్యూనిస్టులైనా, ఆరోగ్యశాఖ వాళ్లయినా, ఏదో ఒకటి జనం బుర్రలోకి ఎక్కించడానికే చెప్పించారు. అయినా జనం తెల్లవార్లూ కూర్చున్నారు. ఎందుకు?

హాస్యం చెప్పే వంత ఏం చేస్తాడో గమనించండి. కథకుడు ఆవేశంగా ఒక పెద్ద మాట అనగానే మధ్యలో అడ్డుపడతాడు. "అంతేనంటావా?" అంటాడు. "మరి నీ సంగతేమిటి?" అంటాడు. జనంలో వెనక వరసవాడు మనసులో అనుకున్న వెటకారాన్ని వేదిక మీద నిలబడి పైకి అనేస్తాడు. కథకుడు ఆగి, దానికి జవాబు చెప్పి, అప్పుడు కథ ముందుకు నడపాలి. వినేవాడి తరఫున వకీలును వేదిక మీదే పెట్టారన్నమాట. తన మాటకు అడ్డొచ్చేవాణ్ణి తనే జీతమిచ్చి పెట్టుకోవడం కన్నా ఖర్చు ఏముంది? హరికథలో ఈ సౌకర్యం లేదు, దాసుగారు ఒక్కరే. అందుకని అక్కడ పిట్టకథలు వచ్చాయి. ఆదిభట్ల నారాయణదాసు గారి కాలం నుంచి విజయనగరం వైపు హరికథకు ఉన్న వైభవం గురించి చెప్పాలంటే ఇంకో పూట కావాలి.

వీరేశలింగం గారి దగ్గర కొంచెం ఆగుతాను. రాజమండ్రిలో విధవా వివాహం చేయాలని ఉపన్యాసాలిచ్చాడు, పత్రిక నడిపాడు, ప్రహసనాలు రాశాడు. ఇక్కడిదాకా అయితే ఆయన పేరు మనకు ఇంత గుర్తుండేది కాదేమో. 1881 డిసెంబరు 11న మొదటి పెళ్లి చేయించాడు. ఊరు వెలివేసింది. వంటవాళ్లు మానేశారు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేశారు. మరి ఆ ఇంట్లో పెళ్లికి వచ్చినవాళ్లకు వంట ఎవరు చేశారు? గోదావరి నుంచి నీళ్లు ఎవరు మోశారు? రాజ్యలక్ష్మమ్మ గారు. ఉపన్యాసం ఆయనది, బిందె ఆవిడది. ఆయన తక్కువ పోగొట్టుకున్నాడని నేననను. కానీ సంఘసంస్కరణ చరిత్రలో ఎవరి పేరు మీద ఎన్ని విగ్రహాలున్నాయో లెక్కపెడితే ఖర్చుల పద్దు సరిగా రాయలేదని తెలుస్తుంది.

ఆ తర్వాత పదకొండేళ్లకే, 1892లో, విజయనగరంలో కన్యాశుల్కం నాటకం వేశారు. అందులో గిరీశం కూడా విధవా వివాహం గురించే లెక్చర్లు ఇస్తాడు. అదే విషయం, అవే మాటలు, ఇంకా ఇంగ్లీషు కలిపి ఇంకా దర్జాగా. కాకపోతే ఖర్చు మొత్తం పూటకూళ్లమ్మది, వెంకటేశానిది, బుచ్చమ్మది. తెలుగువాడికి లెక్చరు అనే మాట మీద అనుమానం అంతకుముందు లేదని అనను గానీ, గిరీశం వచ్చాక ఆ అనుమానానికి ఒక మొహం వచ్చింది. మీరు క్లాసులో గొంతు సవరించుకున్నప్పుడల్లా పిల్లలు చూసేది అదే, ఈయన ఆ బాపతా కాదా అని.

ఇంకో ఉదాహరణ ఒంగోలు నుంచి. 1876-78 కరువు మనవైపు చాలా ఘోరమైనది. అప్పుడు ఒంగోలులో క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హామ్ కాలవలో కొంత భాగం తవ్వే కంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని పెట్టించాడు. మిషన్ బోధకులు ఆ తవ్వేవాళ్ల మీద మేస్త్రీలుగా ఉన్నారు. ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు, కూలి కోసం కలుస్తున్నారనే మాట రాకూడదని. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒకేరోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అన్నం కోసమా, నమ్మకం కోసమా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు ముఖ్యమనిపించేది ఇంకోటి. తెల్లదొర కన్నా ముందు ఆ మాటను పల్లెల్లోకి తీసుకెళ్లింది యర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్లు. తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ మనిషి, తన బంధువుల ఇళ్లకు తన పని మీద తిరుగుతూ చెప్పినవాడు. చెప్పినవాడూ విన్నవాడూ ఒకే వాడలో బతకాలి. చెప్పేసి రైలెక్కి పోవడానికి లేదు. అలాంటి చోట ఊరికే మాట జారడం కుదరదు.

ఇక మీ బడి. కొన్ని సంగతులు నేను చూసినవి చెబుతాను, మీకు నచ్చినవి తీసుకోండి.

కథ చెప్పి చివర్లో "దీంట్లో నీతి ఏమిటి పిల్లలూ?" అని అడగకండి. దయచేసి మానేయండి. పిల్లలు చాలా తెలివైనవాళ్లు, టీచరుకు ఏ జవాబు కావాలో వాళ్లకు రెండో తరగతిలోనే తెలిసిపోతుంది. "అత్యాశ పనికిరాదు సార్" అని కోరస్‌లో అని, బయటికెళ్లి పక్కవాడి పెన్సిల్ లాక్కుంటారు. దానికి బదులు, ఆ బాటసారి స్థానంలో నువ్వుంటే కడియం కోసం వెళ్లేవాడివా అని అడగండి. నిజం చెప్పినవాణ్ణి తిట్టకండి. వెళ్తానని ఒకడు అంటాడు. వాడితో అసలు మాట మొదలవుతుంది.

క్లాసులో ఎప్పుడూ వెటకారం చేసేవాడు ఒకడుంటాడు. మనం వాణ్ణి బయట నిలబెడతాం. వాణ్ణి వంతగా పెట్టుకోండి. శుభ్రత మీద చెప్పాలనుకున్నారా, నువ్వు నాకు అడ్డు ప్రశ్నలు వేయరా అని వాడికే చెప్పండి. "మరి మన బడి మరుగుదొడ్డికి నీళ్లెందుకు రావు సార్?" అంటాడు. అప్పుడు మీకు టెన్షన్ వస్తుంది. రావాలి. ఆ ప్రశ్నకు జవాబు లేకుండా చేతులు కడుక్కోవాలని మీరు ఎన్ని చార్టులు అంటించినా గోడకే అందం. హెడ్మాస్టరు దగ్గరికి, పంచాయతీ దగ్గరికి తిరిగి ఆ నల్లా పని చేయించారనుకోండి, మీరు ఇక శుభ్రత గురించి రెండు ముక్కలు చెబితే చాలు.

ఫోను గురించి కూడా అడుగుతారు. పిల్లలు ఫోను చూస్తున్నారని అందరికీ బాధే. అయితే స్టాఫ్ రూములో మన మెడలు ఎలా వంగి ఉంటాయో పిల్లలు కిటికీలోంచి చూస్తూనే ఉంటారు. పూర్తిగా మానేయమని నేనేమీ అనను. "నేను ఇంకా రాత్రి గంట చూస్తున్నాను, తగ్గించే ప్రయత్నంలో ఉన్నాను" అని క్లాసులో అనగలరా? వారం పోయాక ఒక పిల్లాడు "సార్, గంట తగ్గిందా?" అని అడుగుతాడు. అలా అడగనిచ్చే టీచర్లు తక్కువ.

పిల్లల ముందు వేరే మతాన్నో, వేరే కులాన్నో, వేరే పార్టీనో కించపరుస్తూ మంచి చెప్పకండి. అశోకుడి 12వ శాసనం మొత్తం దీని మీదే. సొంత పక్షాన్ని పొగుడుకుంటూ, పనిలేకుండా అవతలి పక్షాన్ని తీసిపారేయకుండా నోరు అదుపులో పెట్టుకోమంటాడు. అదీ ఎర్రగుడి బండ మీదే ఉంది.

ఒక్క విషయం చెప్పి ఆపేస్తాను. ఇదంతా విని, ప్రతిదానికీ కూర్చోబెట్టి మెల్లగా ఒప్పించాలని అనుకుంటారేమో. కొన్నిచోట్ల నీతి చెప్పడమే తప్పు. తొమ్మిదో తరగతి అమ్మాయి వారం రోజులుగా రావడం లేదు. ఆరా తీస్తే పెళ్లి కుదిర్చారని తెలిసింది. మీరు వాళ్ల ఇంటికి వెళ్లి, తండ్రిని కూర్చోబెట్టి, ఆడపిల్లల చదువు గురించి అరగంట చక్కగా మాట్లాడి, టీ తాగి రావచ్చు. ఆయన "అలాగే సార్" అంటాడు. మూడోరోజు వేరే ఊళ్లో, బంధువుల ఇంట్లో తాళి కట్టిస్తారు. మీకు మాత్రం చెప్పాననే తృప్తి ఉంటుంది. బాల్యవివాహాల నిషేధ చట్టం 2006లోనే వచ్చింది. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి. ఊళ్లో కొందరు మీతో మాట్లాడటం మానేస్తారు, అద్దె ఇల్లు ఖాళీ చేయమనొచ్చు కూడా. అది తెలిసే చేయండి. ఆ అమ్మాయి తిరిగి బడికొచ్చాక చదువు గొప్పతనం గురించి ఆమెకేమీ చెప్పకండి, పోయిన వారం పాఠాలు చెప్పండి.

నా మాటలు అయిపోయాయి. టైము ఇంకా పావుగంట ఉందట. రెండో వరసలో ఆ అమ్మాయి ఇందాకటి నుంచీ చెయ్యెత్తి ఉంది. వేమన దగ్గర్నుంచీ అనుకుంటా. చెప్పమ్మా, నువ్వు ఒప్పుకోనిది ఏది?